ముందు వరుస

గ్రంథాలయం మలుపు తిరగగానే అత్తయ్యకు ఆయాసం వచ్చింది. అక్కడే ఆగి, వేలు నేలకు చూపించి "ఇక్కడ" అంది.

ఆమె వెనక వడ్రంగి మేస్త్రీ, అతని వెనక బెంచీలెక్కించిన తోపుడు బండి, దాన్ని తోసే ఇద్దరు మనుషులు ఊరేగింపులా వస్తున్నారు. అత్తయ్య భుజాన బరువైన సంచి ఉంది. అందులో నీళ్ళ సీసాలు, గొడుగు, అక్కరలేని పాత పుస్తకాలు కుక్కింది. పిల్లల్ని చూడటానికి వచ్చే ఏ తల్లీ ఖాళీ చేతులతో రాదనీ, చేతులూపుకుంటూ నడిచినవాళ్ళకు దారి పొడవు తెలియదనీ ఆమె నమ్మకం. అందుకని ఏటా తల్లిదండ్రుల రోజుకు ముందు గేటు దగ్గర బయల్దేరి, వాళ్ళు ఏ దారిన నడుస్తారో ఆ దారంతా తనూ బరువు మోసుకుంటూ నడుస్తుంది. ఎక్కడ ఊపిరందక ఆగుతుందో అక్కడ ఒక బెంచీ పడాలి. కొలతల్లేవు, టేపుల్లేవు.

"ఇక్కడా?" మేస్త్రీ వెనక్కి తిరిగి చూశాడు. "అదిగో, ఇందాక వేసిన బెంచీ ఇంకా కనబడుతూనే ఉంది. ఏటేటా దగ్గర దగ్గరగా జరిగిపోతున్నాయి అత్తయ్యా. ఇట్లాగే అయితే వచ్చే ఏడాదికి గేటు నుంచి హాలు దాకా ఒకటే పొడుగు బెంచీ వేసేద్దాం. కూర్చుని జరుక్కుంటూ వచ్చేస్తారు."

"వేసెయ్. నీదేం పోయింది, కొయ్య యూనివర్సిటీది."

బండి మనుషులు నవ్వారు. అత్తయ్య కూడా నవ్వబోయింది కానీ నవ్వు సగంలో దగ్గయింది. మేస్త్రీ దింపిన బెంచీ మీదే కూర్చుని సంచి ఒళ్ళో పెట్టుకుంది.

"డాక్టరుకి చూపించుకున్నారా?" మేస్త్రీ గొంతు తగ్గించి అడిగాడు.

"రేపటి గోల అయిపోనీ."

"మీకు గోల లేని రేపు ఎప్పుడొచ్చింది గనక?"

ఆమె లేచి, సంచి భుజాన వేసుకుని మళ్ళీ నడక మొదలుపెట్టింది.

ఆమె విద్యార్థి సంక్షేమ విభాగంలో గుమాస్తా. సన్నటి మనిషి, కొంచెం ముందుకు వంగిన నడక, ముక్కు మీద ఎప్పుడూ కిందికి జారే కళ్ళజోడు. చెవుల దగ్గర జుట్టు పూర్తిగా తెల్లబడింది. చాలా ఏళ్ళ కిందట ఆమె మేనకోడలు, అప్పటికి చిన్నపిల్ల, బడి వదలగానే ఇక్కడికే వచ్చి ఆమె బల్ల కింద దూరి హోంవర్కు చేసుకునేది. ఆకలేసినప్పుడల్లా "అత్తా!" అని కేక పెట్టేది. ఆ కేక వరండాలన్నీ తిరిగి తిరిగి చివరికి అందరి నోళ్ళలోనూ స్థిరపడింది. ఇప్పుడు ప్రొఫెసర్లకూ అత్తయ్యే, తోటమాలికీ అత్తయ్యే. యూనివర్సిటీ మొత్తానికి అత్తయ్య గానీ, ఆమెకు అల్లుడూ లేడు, కోడలూ లేదు. పెళ్ళే లేనిదానికి అవెక్కడివి?

ఆ మేనకోడలు ఇప్పుడు ఇదే యూనివర్సిటీలో ఆఖరి ఏడాది చదువుతోంది. మిగతా పిల్లల్లా హాస్టల్లో ఉంటానని పేచీ పెట్టి మరీ వెళ్ళింది. అత్తయ్య నోటికి మాత్రం ఇంకా "పిల్లే". రేపు మధ్యాహ్నం సభలో ఆఖరి ఏడాది వాళ్ళ తరఫున మాట్లాడే నలుగురైదుగురిలో పిల్ల కూడా ఉంది. మాట్లాడేవాళ్ళ ఇంటివాళ్ళను ముందు వరుసలో కూర్చోబెట్టడం ఆనవాయితీ. ఒక్కొక్కరికి రెండు కుర్చీలు.

ఆ సంగతి తెలిసిన రోజు నుంచీ అత్తయ్య మనసులో ఒకే కోరిక పట్టుకుంది. ఇన్నేళ్ళుగా ఆమె ఆ సభను తలుపు దగ్గర నిలబడే చూసింది. మైకు మొరాయిస్తే పరుగెత్తడం, ఆలస్యంగా వచ్చినవాళ్ళకు చోటు చూపించడం, ఏడ్చే తల్లులకు మంచినీళ్ళివ్వడం ఆమె పని. ఒక్కసారి, ఈ ఒక్కసారికి, ముందు వరుసలో పిల్ల తాలూకు మనిషిగా కూర్చోవాలి. తలుపు దగ్గర నిలబడమని పక్క బల్ల గుమాస్తాను ముందే ఒప్పించుకుంది కూడా. ఎందుకని అతను అడిగితే "కాళ్ళ నొప్పులు" అని బొంకింది.

ఆఫీసుకు చేరేసరికి ఫోను మోగుతూనే ఉంది. తల్లిదండ్రుల రోజు ముందర ఆ ఫోనుతో తల ప్రాణం తోకకొస్తుంది.

ఒక తండ్రి, "అమ్మా, మావాడు నన్ను రావద్దంటున్నాడు. రావచ్చా?" అన్నాడు.

"రావద్దన్నాడంటే గది ఊడ్చలేదన్నమాట. మీరు రండి. ఇవాళ వాడికి కబురు పెడతాను, ఊడుస్తాడు."

ఇంకొకామె కొంచెం నసుగుతూ మొదలుపెట్టింది. "మేమిద్దరం వస్తున్నామండీ. మా అత్తగారు కూడా వస్తానంటోంది. నేను ఉద్యోగానికి పోయేదాన్ని, మావాణ్ణి పెంచిందంతా ఆవిడే. ఒక్క కుర్చీ..."

"ఒక విద్యార్థికి ఇద్దరేనమ్మా. నియమం."

"సరేనండీ. ఆవిడకి నేనేదో ఒకటి చెప్పుకుంటాను."

ఆ నియమం పెట్టింది విభాగం డైరెక్టరు గారూ కాదు, యూనివర్సిటీ పాలక సంఘమూ కాదు. అత్తయ్యే. ఒక ఏడాది ఎవరో పెళ్ళికి తరలినట్టు చుట్టపక్కాలందరితో దిగబడ్డారు. పసివాళ్ళకు పాలు కలపడం, పెద్దాయనకు నడుం వాల్చే చోటు చూడటం, అంతా సభ మధ్యలోనే. వెనక వచ్చిన తల్లులు చోటు లేక ఎండలో నిలబడ్డారు. ఆ సాయంత్రమే ఆమె ఒక కాగితం మీద "ఇద్దరు మాత్రమే" అని రాసి డైరెక్టరు గారి చేత సంతకం పెట్టించింది. మంచి నియమమే. ఆ తర్వాత ఎవరూ ఎండలో నిలబడలేదు.

భోజనాల వేళకు పిల్ల వచ్చింది. వస్తూనే బల్ల మీదున్న డబ్బా మూత తీసి నిలబడే తినడం మొదలుపెట్టింది. పొడుగ్గా, చురుగ్గా ఉంటుంది. మాట్లాడుతున్నంతసేపూ ఒక కాలు ఆడుతూనే ఉంటుంది.

"అత్తా, నీకో సంగతి. నాన్న పొద్దున ఫోన్ చేశాడు. సాయంత్రం బండికి దిగుతున్నారట. అమ్మా, నాన్నా ఇద్దరూను!"

"ఇద్దరూనా?" అంది అత్తయ్య. తమ్ముడూ మరదలూ వేరే ఊళ్ళో ఉంటారు. ఇన్నేళ్ళలో ఒక్క తల్లిదండ్రుల రోజుకూ రాలేదు. ఎప్పుడూ ఏదో ఒకటి అడ్డుపడేది.

"ఇద్దరూనే. నేను మాట్లాడుతున్నానని చెప్పా కదా, అమ్మ ఒకటే గోల, రావాల్సిందేనని." పిల్ల కాలు ఆడటం ఆగింది. "ముందు కుర్చీలు రెండేగా ఉండేది. వాళ్ళిద్దరికీ సరిపోతాయి కదూ? నువ్వెలాగూ అక్కడే ఉంటావుగా."

"అదేం మాట. రానీ. వాళ్ళు రాకపోతే ఇంకెవరొస్తారు?"

పిల్ల ఊపిరి పీల్చుకుంది. చెయ్యి కడుక్కుని వచ్చి, అత్తయ్య ముక్కు మీద నుంచి కళ్ళజోడు తీసి తన చున్నీ కొంగుతో శుభ్రంగా తుడిచి మళ్ళీ పెట్టింది. "నీకు అద్దాల్లోంచి ఏం కనబడుతుందో ఏమో. ఇంత దుమ్ము!" అని మందలించి వెళ్ళిపోయింది.

అద్దాలు శుభ్రంగా ఉన్నాయి గనక ఆ వెళ్ళడం బాగా కనిపించింది. అత్తయ్యకు చాలా బాధేసింది. ఈ వయసులో ఒక కుర్చీ కోసం బాధపడటమేమిటని సిగ్గు కూడా వేసింది. సిగ్గుపడినంత మాత్రాన బాధ తగ్గుతుందా?

ఆ మాట ఆమెకు కొత్తది కాదు. తల్లి మంచాన పడ్డప్పుడు తండ్రి అదే అన్నాడు, నువ్వెలాగూ ఇంట్లో ఉంటావుగా అని. వచ్చిన సంబంధం చెయ్యి జారిపోయింది. తమ్ముడి పెళ్ళిలో సామాన్ల గదికి కాపలా ఎవరంటే, అక్క ఎలాగూ ఉంటుందిగా అన్నారు. ఆ పెళ్ళి ఫొటోలు ఎన్ని తిరగేసినా ఆమె కనబడదు. తమ్ముడికి రెండో బిడ్డ పుట్టాడు. పుట్టుకతోనే జబ్బు మనిషి. సరిగ్గా అప్పుడే దూరపు ఊరికి బదిలీ అయింది, గోరుచుట్టు మీద రోకటిపోటులా. తమ్ముడు పెద్దపిల్లను తీసుకొచ్చి గుమ్మంలో నిలబెట్టి, "ఆరు నెలలేనక్కా. నువ్వెలాగూ ఉంటావుగా" అన్నాడు. ఆ ఆరు నెలలు పిల్ల పళ్ళూడి పళ్ళొచ్చేదాకా, బడి అయిపోయేదాకా, కాలేజీ అయ్యేదాకా సాగాయి. తమ్ముడు చెడ్డవాడు కాదు. మరదలూ కాదు. జబ్బు బిడ్డతో ఆ తల్లి పడ్డ కష్టం అత్తయ్యకు తెలుసు. తెలుసు గనకనే ఎవరి మీదా కోపం తెచ్చుకునే వీలు కూడా లేకపోయింది.

కాసేపటికి లేచి డైరెక్టరు గారి గది దాకా వెళ్ళింది. ఒక్క కుర్చీ ఎక్కువ వేయిస్తానంటే ఆయన కాదనడు. తలుపు మీద చెయ్యి వేసింది కూడా. కానీ పొద్దున ఫోనులో ఆ తల్లితో తనన్న మాట గుర్తొచ్చింది. ఊరందరికీ లేదన్నది తనకు మాత్రం ఏ మొహంతో అడుగుతుంది? చెయ్యి వెనక్కి తీసుకుంది. బల్ల దగ్గరికొచ్చి ఆ తల్లికే ఫోను చేసింది.

"అమ్మా, మీ అత్తగారిని తీసుకురండి. ఎక్కడో అక్కడ కూర్చోబెడతాను."

"నిజంగానాండీ! మరి నియమం అన్నారు?"

"నియమం ఎక్కడికీ పోదు లెండి. ఆవిడకి మెట్లెక్కడం కష్టమైతే పక్కదారి ఉంది. నన్నడగండి, చూపిస్తాను."

ఫోను పెట్టేశాక ఆమెకే నవ్వొచ్చింది. తా దూర సందు లేదు, మెడకో డోలు.

పొద్దు వాలేవేళకు హాలు సిద్ధమైంది. నేల తుడిచారు, కుర్చీలు వరుసలు తీర్చారు. ఫోను చేసినావిడ అత్తగారికి అవసరమైతే పనికొస్తుందని చివరి వరుసలో ఒక చక్రాల కుర్చీ పట్టేంత జాగా వదిలారు. వేదిక పక్కన నిచ్చెన మీద కరెంటాయన దీపాలు సరిచేస్తున్నాడు. ఈయన ఏ పనిలోనూ ఒక్కసారితో తృప్తిపడడు. ఒక దీపాన్ని నాలుగు వైపులా తిప్పి, చివరికి మొదట ఉన్న చోటికే తెస్తాడు.

పిల్ల పరుగున వచ్చింది. "అత్తా, బండి వేళయింది, నేను స్టేషనుకి పోవాలి. అంతకు ముందు ఒక్కసారి వింటావా? రేపు హడావుడిలో నువ్వు నాకు దొరకవు."

"ఎక్కడ కూర్చోమంటావు?"

"ముందే. అమ్మ కూర్చునే చోట. అప్పుడు నాకు అలవాటవుతుంది."

అత్తయ్య ముందు వరుసలో కూర్చుంది. పొద్దుటినుంచీ కాలికి బలపం కట్టుకుని తిరిగిందేమో, పాదాలు పొంగి ఉన్నాయి. చెప్పులు విడిచి కుర్చీ కిందికి నెట్టి, చల్లటి గచ్చు మీద కాళ్ళు ఆనించింది. హాయిగా అనిపించింది. ఈ హాల్లో ఇన్నేళ్ళు తిరిగిందే గానీ, ఇక్కడినుంచి వేదిక ఇంత దగ్గరని ఆమెకు తెలియదు.

పిల్ల మైకు ముందు నిలబడి గొంతు సవరించుకుంది. పెద్దలకు నమస్కారాలు, చదువు గురించి నాలుగు మాటలు, స్నేహితుల మీద ఒక జోకు. నిచ్చెన మీద కరెంటాయన నవ్వాడు. తర్వాత పిల్ల గొంతు మారింది.

"చిన్నప్పుడు నాకు చీకటంటే చచ్చేంత భయం. ఏ రాత్రి ఉలిక్కిపడి లేచినా, దీపం వేసి, నా పక్కన కూర్చుని, నేను నిద్రపోయేదాకా నా పాదం పట్టుకుని ఉండేది మా అమ్మ. చెయ్యి కాదు, పాదం. ఎందుకని అడిగితే, కలలో ఎక్కడికైనా పరిగెత్తుతావేమోనని అనేది..."

అత్తయ్య కదల్లేదు. ఆ దీపం వేసింది తను. ఆ పాదం పట్టుకున్నది తను. కలలో పరుగు గురించి అన్నదీ తనే, నిద్రమత్తులో, తెల్లారితే ఆఫీసుకు పోవాలన్న చిరాకులో.

పిల్ల ఆగిపోయింది. కాగితం మడత పెడుతూ, చూపు కిందికి దించుకుని అంది. "అత్తా... అది నువ్వేనని నాకు తెలుసు. కానీ అమ్మ ముందు కూర్చుని ఉండగా నీ పేరు చెబితే, అందరి ముందూ తను చిన్నబుచ్చుకుంటుంది. అసలే తనకి ఆ దిగులు. నీకు తెలుసుగా."

"తెలుసులే."

"కోపమొచ్చిందా?"

"లేదమ్మా." నిజంగానే కోపం రాలేదు. ఏడుపొచ్చింది. ఏడుపు వెనకే, ఎక్కడినుంచో, పట్టరాని సంతోషం కూడా వచ్చింది. ఆ రాత్రులు పిల్లకు గుర్తున్నాయని ఆమె ఎన్నడూ అనుకోలేదు. పసిపిల్ల, నిద్రలో ఉంది, దానికేం తెలుస్తుందనుకుంది. రెండూ ఒకేసారి గుండెకు అడ్డం పడితే ఏది ముందు మింగాలో తెలియలేదు. మామూలు గొంతుతో అంది, "ఆ పాదం మాట దగ్గర కొంచెం ఆగు. వెంటనే చెప్పేస్తున్నావు. ఆగి చెబితే మీ అమ్మకు బాగా తగులుతుంది."

పిల్ల మళ్ళీ చెప్పింది. ఈసారి ఆగి చెప్పింది.

"ఆఁ, ఇప్పుడు బాగుంది. పో, బండి వచ్చేస్తుంది. నాన్నకి చీకట్లో చూపు ఆనదు, మెట్ల దగ్గర చెయ్యి పట్టుకో."

"నువ్వు రావా?"

"ఇక్కడ దీపాల పని తేలనీ. కాసేపు కూర్చుని వస్తాను."

పిల్ల వేదిక మీద నుంచి ఒక్క గెంతున దిగి, వంగి ఆమె చెంపకు చెంప ఆనించి, తలుపు దాటి పరుగెత్తింది. మెట్ల మీద ఆ అడుగుల చప్పుడు తేలిగ్గా, గబగబా దిగిపోయింది. అది వినబడినంతసేపూ అత్తయ్య తల అటు తిప్పుకునే ఉంది. తర్వాత వేదిక వైపు తిరిగి, చేతులు ఒళ్ళో పెట్టుకుని, కుర్చీలో వెనక్కి ఆనుకుంది.

కరెంటాయన దీపాన్ని ఒకవైపు తిప్పాడు. "ఇట్లా బాగుందా అత్తయ్యా? వెలుగు మొహం మీద పడుతోందా?"

జవాబు లేదు. నచ్చలేదు కాబోలనుకుని ఇంకోవైపు తిప్పాడు. "పోనీ ఇట్లా?" ఆమె వేదిక వైపే చూస్తున్నట్టుంది. అత్తయ్య పనిలో పట్టింపు మనిషని అతనికి తెలుసు. బాగుంటే తప్ప బాగుందనదు. అతను విసుక్కోకుండా దీపాన్ని మరికాస్త కిందికి వంచి, మరలు బిగించి, చేతులు తుడుచుకుంటూ నిచ్చెన దిగాడు. దగ్గరికొచ్చి, "ఇక ఇంతకన్నా నావల్ల కాదు తల్లీ" అన్నాడు.

అప్పుడు కనబడింది. ఒళ్ళో ఉన్న చేతుల్లో ఒకటి పక్కకు జారి ఉంది. కళ్ళజోడు ముక్కు చివరకు వచ్చి ఉంది. దాన్ని పైకి నెట్టుకోవడానికి ఆమె చెయ్యి లేవలేదు.

మేస్త్రీ వచ్చాడు, ఇంకా ఎవరెవరో వచ్చారు. నలుగురు కలిసి ఆమెను ఎత్తి యూనివర్సిటీ వ్యానులో పడుకోబెట్టి ఆసుపత్రికి తీసుకెళ్ళారు. చాలాసేపటి కిందటే పోయిందని అక్కడి డాక్టరు చెప్పాడు. స్టేషనులో రైలు దిగగానే తమ్ముడు "అక్క రాలేదేం?" అని అడుగుతున్నాడు, అంతలోనే పిల్ల చేతిలో ఫోను మోగింది.

మర్నాడు తల్లిదండ్రుల రోజు ఆగలేదు. అప్పటికే ఎక్కడెక్కడి వాళ్ళో బస్సుల్లో, రైళ్ళలో ఉన్నారు. ఆపడానికి ఎవరికీ చేతులు రాలేదు. ఆపాల్సిన అవసరమూ రాలేదు. దారిలో బెంచీలు సరిగ్గా మోకాళ్ళు నొప్పి పుట్టే చోటే ఉన్నాయి. కొత్తవాళ్ళు సంచులు దించి, కూర్చుని, ఎంత బాగా చేశారో అనుకుని, లేచి నడిచారు. ఒక ముసలావిడ పక్కదారి ఎటని అడిగితే ఎవరికీ తెలియలేదు. చివరికి మేస్త్రీ ఆవిడ చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళాడు. ఆసుపత్రి వరండాలో పిల్ల గోడకు ఆనుకుని నిలబడి ఉంది. తల్లి వచ్చి ఎంత బతిమాలినా కూర్చోలేదు.

మధ్యాహ్నం హాలు నిండింది. ముందు వరుసలో రెండు కుర్చీలు మాత్రం ఖాళీగా మిగిలాయి. తలుపు దగ్గరున్న గుమాస్తాకు వాటి సంగతి తోచలేదు. ఆలస్యంగా వచ్చిన ఒక జంటను అటు పంపించాడు. భర్త ఒక కుర్చీలో కూర్చున్నాడు. భార్య రెండోదాంట్లో కూర్చోబోతూ కిందికి చూసి ఆగిపోయింది.

"ఇక్కడెవరో ఉన్నారండీ" అంది మెల్లగా. "ఇప్పుడే లేచి వెళ్ళినట్టున్నారు. మనం కూర్చుంటే పాపం, వచ్చి నిలబడాలి."

ఆమె వెనక్కి వెళ్ళి గోడవార నిలబడింది. సభ మొదలైంది, పిల్లలు ఒకరి తర్వాత ఒకరు మాట్లాడారు, అందరూ చప్పట్లు కొట్టారు. ఆ కుర్చీలో ఎవరూ కూర్చోలేదు. దాని కింద, మడమల దగ్గర అరిగిపోయిన గోధుమరంగు చెప్పులు, రెండూ పక్కపక్కన, వేదిక వైపు తిరిగి ఉన్నాయి.